మన వాగు ఎంతవరకు వస్తుంది? వరద మైదానాల మ్యాపులపై తరచుగా అడిగే ప్రశ్నలు

వరంగల్, హనుమకొండ, ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, మంచిర్యాల వైపు వాగుల పక్కన పొలమో ఇల్లో ఉన్నవాళ్లు, ప్లాటు కొనబోయేవాళ్లు, పంచాయతీ కార్యదర్శులు, సివిల్ ఇంజినీరింగ్ చదివే పిల్లలు అడిగే ప్రశ్నలివి. 2023 జూలై వరదల తర్వాత ఇవి బాగా పెరిగాయి. కొన్నింటికి ఒక్క ముక్కలో జవాబు ఉంది, కొన్నింటికి లేదు.

వరద మైదానం అంటే వాగు ఒడ్డేనా?

కాదు. వాగు రోజూ పారే చోటు వేరు, వరదొచ్చినప్పుడు నీళ్లు పరుచుకునే చోటు వేరు. రెండోదే వరద మైదానం. మన దగ్గర చాలా వాగులు ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుక మేటలతో, నడుమ సన్నటి ధారతో కనిపిస్తాయి. ఒడ్డు దాటిన నేలతో వాగుకు ఏ సంబంధమూ లేదనిపిస్తుంది. పట్టా కూడా మన పేరు మీదే ఉంటుంది. అయితే ఆ నేలలో మంచి పంట పండించే ఒండ్రును తెచ్చిపోసింది చాలాచోట్ల ఆ వాగే.

మ్యాపులో గీసేది వాగు హద్దు కాదు. ఇంత నీళ్లు వస్తే ఇక్కడిదాకా వస్తాయి అనే లెక్క. అందుకే ఒకే వాగుకు 10 ఏళ్ల వరద గీత ఒకటి, 25 ఏళ్లది ఒకటి, 100 ఏళ్లది ఇంకొకటి ఉంటాయి. ఎవరైనా ముంపు మ్యాపు అని ముందు పెడితే మొదట అడగాల్సింది ఇదే: ఎంత వరదకు?

హైడ్రాలజీ, హైడ్రాలిక్స్ రెండూ ఒకటేనా?

రెండు పనులు. వాన పడితే వాగులోకి ఎన్ని క్యూసెక్కులు వస్తాయో చెప్పేది హైడ్రాలజీ. ఆ క్యూసెక్కులు ఫలానా ఊరి దగ్గర ఎంత ఎత్తున, ఎంత వేగంతో, ఎంత వెడల్పున పారతాయో చెప్పేది హైడ్రాలిక్స్. మొదటిది తప్పితే రెండోది ఎంత బాగా చేసినా మ్యాపు తప్పుతుంది. రంగులు మాత్రం అందంగానే వస్తాయి. చిక్కంతా అక్కడే.

100 ఏళ్ల వరద 2023లో వచ్చేసింది కదా, ఇక మన జీవితంలో రాదా?

ఎక్కువమంది అడిగేది, ఎక్కువగా అపార్థం చేసుకునేది ఇదే. 100 ఏళ్ల వరద అంటే నూరేళ్లకోసారి వచ్చేది అని కాదు. ఏ ఏడాదైనా అంతటి వరద రావడానికి నూటికి ఒక వంతు అవకాశం ఉందని. ఒక సంచిలో 100 చింతగింజలు పోసి ఒకదానికి సున్నం బొట్టు పెట్టండి. ఏడాదికోసారి ఒకటి తీసి చూసి, మళ్లీ అదే సంచిలో వేయండి. నిరుడు బొట్టు గింజ వచ్చిందని ఈసారి అది సంచిలో లేకుండా పోదు.

30 ఏళ్లు ఉండే ఇంటికి ఈ లెక్క వేస్తే, ఆ కాలంలో ఒక్కసారైనా 100 ఏళ్ల వరద చూసే అవకాశం దాదాపు 26 శాతం. 25 ఏళ్ల వరదైతే 71 శాతం దాకా వెళ్తుంది. ఇల్లు కట్టేముందు తెలుసుకోవాల్సిన అంకెలు ఇవి.

ఇంకో సంగతి. 100 ఏళ్ల వరద ఎంతో చెప్పడానికి మన చేతిలో 100 ఏళ్ల కొలతలు ఉండవు. 30, 40 ఏళ్ల రికార్డు తీసుకుని, గంబెల్ లాంటి గణాంక పద్ధతితో దాన్ని ముందుకు సాగదీస్తాం. పైగా వానల తీరు మారుతోంది. 2023 జూలైలో ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అలాంటి ఒక్క అంకె రికార్డులో చేరితే పాత లెక్క మొత్తం మారిపోతుంది. అందుకే ఒక్క గీత గీసి ఇదే హద్దు అనడం నాకు నచ్చదు. ఆ గీతకు ఇటూ అటూ ఒక పట్టీ చూపిస్తే నిజానికి దగ్గరగా ఉంటుంది.

మా వాగు మీద గేజే లేదు. ఎన్ని నీళ్లు వస్తాయో ఎలా చెబుతారు?

గోదావరి మీద మంచిర్యాల, కాళేశ్వరం, పేరూరు లాంటి చోట్ల కేంద్ర జల సంఘం కొలతలు ఉంటాయి. వాగులు, ఒర్రెల మీద చాలావరకు ఉండవు. అప్పుడు వాన నుంచే లెక్క మొదలుపెడతాం. దేశాన్ని ఉపమండలాలుగా విడదీసి ఒక్కోదానికి వరద అంచనా పద్ధతిని కేంద్ర జల సంఘం ఇచ్చింది. దిగువ గోదావరిది 3(ఎఫ్). అయితే పాత వరంగల్ జిల్లాలో వానంతా గోదావరికే పోదు. ఆకేరు, మున్నేరు కృష్ణకు పోతాయి. నీళ్లు ఎటు పోతాయో చూడకుండా జిల్లా పేరు చూసి పద్ధతి ఎంచుకుంటే అక్కడే తప్పటడుగు పడుతుంది.

ఒక చిన్న లెక్క చూడండి. వాగు పరీవాహకం 50 చదరపు కిలోమీటర్లు అనుకుందాం. అందులో 300 మిల్లీమీటర్ల నీరు ఇంకకుండా పారితే కోటిన్నర ఘనపు మీటర్లు, అంటే అర టీఎంసీకి కాస్త ఎక్కువ. అది 12 గంటల్లో పోవాలంటే సగటున 12 వేల క్యూసెక్కులు పారాలి. సగటే అంత. నడుమ వచ్చే పోటు అంతకు చాలా పైన ఉంటుంది. 50 చదరపు కిలోమీటర్లంటే పెద్ద వాగేమీ కాదు, చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ల శివారు.

నేల ఎంత తాగుతుందన్నది రెండో మాట. ఎర్ర చెల్క నేల మొదట్లో బాగానే తాగుతుంది. నల్లరేగడి ఒకసారి తడిసి ఉబ్బాక దాదాపు తాగదు. నాలుగు రోజుల ముసురు తర్వాత పడే కుంభవృష్టికి ఏ నేలైనా ఒకటే. 2023లో జరిగింది అదే, ముందు రోజుల వానకే చెరువులు నిండి, నేల నాని ఉంది.

నేల ఎత్తుల కొలతలు ఎక్కడివి? గూగుల్‌లో దొరికేవి చాలవా?

చాలవు. ఉచితంగా దొరికే ఎస్‌ఆర్‌టీఎం ఎత్తులు 2000లో అంతరిక్ష నౌక నుంచి రాడార్‌తో కొలిచినవి. 30 మీటర్ల గడికి ఒక అంకె. అందులో కొన్ని మీటర్ల తేడా ఉండొచ్చు. పైగా చెట్ల గుబురు ఉన్నచోట నేల ఎత్తు కాకుండా కొమ్మల ఎత్తుకు దగ్గరగా చూపిస్తుంది. ఏటూరునాగారం అడవుల్లో ఇది పెద్ద సమస్య. ఇస్రో ఉపగ్రహం కార్టోశాట్ నుంచి వచ్చిన ఎత్తులు ఇస్రో వెబ్‌సైట్ భువన్‌లో దొరుకుతాయి. పరీవాహకం గీయడానికి ఇవన్నీ పనికొస్తాయి, ఊళ్లో ఏ వీధి మునుగుతుందో చెప్పడానికి పనికిరావు.

ఎందుకంటే మన వాగుల పక్క నేల చాలా చదును. 300 మీటర్లకు ఒక మీటరు లేచే చోట నీటి ఎత్తులో ఒక మీటరు పొరపాటుంటే మ్యాపులో గీత 300 మీటర్లు జరిగిపోతుంది. ఒక వాడంతా అటో ఇటో అయిపోతుంది.

అందుకని ఊరి దగ్గర ఉపగ్రహ సంకేతాలతో కచ్చితంగా కొలిచే డీజీపీఎస్‌తోనో, లేజర్ కిరణాలతో ఎత్తులు కొలిచే డ్రోన్ లైడార్‌తోనో కొలవాలి. వాగుకు అడ్డంగా తీసే క్రాస్ సెక్షన్‌ను ఒడ్డు నుంచి ఒడ్డుకు కాదు, ఎత్తు నేల నుంచి ఎత్తు నేల దాకా తీయాలి. విద్యార్థుల ప్రాజెక్టుల్లో మామూలుగా కనిపించే తప్పు ఒడ్డు దగ్గర సర్వే ఆపేయడం. అప్పుడు సాఫ్ట్‌వేర్ చివరి బిందువు దగ్గర గోడ ఉన్నట్టు లెక్కేసి, నీటిని పక్కకు పోనివ్వకుండా పైకి లేపుతుంది. ఇంకొకటి, అన్ని కొలతలూ సర్వే ఆఫ్ ఇండియా బెంచ్‌మార్కుకే, అంటే ఎత్తు ముందే తేల్చి పెట్టిన గుర్తుకే కలపాలి. వంతెన కొలతలు ఒక దానికి, ఊరి కొలతలు ఇంకో దానికి కట్టి ఉంటే రెండూ ఒకే మ్యాపులోకి రావు.

వాగులో చెట్లు, గుర్రపుడెక్క ఉంటే నిజంగా అంత తేడా వస్తుందా?

వస్తుంది. ఐర్లండ్ ఇంజినీరు రాబర్ట్ మానింగ్ 19వ శతాబ్దం చివర్లో ఇచ్చిన సూత్రాన్నే ఇప్పటికీ వాడుతున్నాం. నీటి వేగం మూడింటి మీద ఆధారపడుతుంది: పారే చోటు లోతు, వెడల్పులు, వాగు వాలు, అడుగున రాపిడి. ఆ రాపిడికి పెట్టే అంకెనే మానింగ్ ఎన్ అంటాం. సిమెంటు కాలువకు అది 0.015 దగ్గర, శుభ్రంగా ఉన్న మట్టి వాగుకు 0.03 చుట్టూ, తుమ్మ చెట్లు, తుంగ పెరిగిపోయిన వాగుకు 0.07 అంతకన్నా ఎక్కువ.

వెడల్పైన వాగులో ఎన్ 0.035 నుంచి 0.07కు పోయిందనుకుందాం. నీళ్లు అన్నే, వాలు అంతే. మూడు మీటర్ల లోతున పోవాల్సిన నీరు నాలుగున్నర మీటర్లకు లేస్తుంది. వాన ఒక్క చుక్క పెరగకుండానే వరద మీటరున్నర పెరిగినట్టు. ఇక ఈ అంకెను ఎండాకాలం వాగు చూసి పెడితే జూలై వరదకు సరిపోదు.

వంతెనలు, రోడ్లు మ్యాపులో ఉంటాయా?

ఉండాలి. లేని మ్యాపును నమ్మకండి.

వాగు దాటే రోడ్డును ఎత్తుగా పోసి, నడుమ నాలుగు ఖానాల కల్వర్టు పెడితే వరద రోజు ఆ రోడ్డే కట్ట అవుతుంది. ఎగువన నీళ్లు లేస్తాయి. చివరికి రోడ్డు మీంచి దూకి, అవతలి అంచును కోసుకుంటూ పోతాయి. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లా ఇంటికన్నె, కేసముద్రం మధ్య రైలు పట్టాల కింద కంకర, మట్టి కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడటం అందరూ చూశారు. రైలు కట్ట కూడా నీటి లెక్కలో కట్టే.

ఖానాలు శుభ్రంగా ఉన్నాయనుకుని ఒకసారి, సగం మూసుకుపోయాయనుకుని ఇంకోసారి మోడల్ (వరదను కంప్యూటర్‌లో వేసే లెక్క) నడిపించాలి. వరదలో వచ్చేది ఒట్టి నీళ్లు కాదు. చెట్లు, పత్తికట్టె, గడ్డివాములు అన్నీ వస్తాయి.

మా ఊరిపైన నాలుగు చెరువులున్నాయి. అవి వరదను ఆపుతాయా, పెంచుతాయా?

రెండూ చేస్తాయి. వరంగల్ వైపు మ్యాపులకూ వేరే చోట్ల మ్యాపులకూ అసలు తేడా ఇక్కడే ఉంది.

కాకతీయుల కాలం నుంచి మనది గొలుసుకట్టు. పై చెరువు మత్తడి (అలుగు) దుంకితే కింది చెరువు నిండుతుంది. అది దుంకితే ఆ కిందిది. సీజను మొదట్లో ఖాళీగా ఉన్న చెరువు వరద పోటును బాగా మింగుతుంది. జూలై చివరికి నిండిపోయాక అంతగా ఆపలేదు, కొంత ఆలస్యం చేస్తుందంతే. మత్తడి మీద నీటి ఎత్తు రెట్టింపైతే దాని మీంచి పోయే నీరు రెట్టింపు కాదు, దాదాపు 2.8 రెట్లు అవుతుంది. మత్తడి వెడల్పు 30 మీటర్లుండి, దాని మీద మీటరు ఎత్తున నీళ్లు పోతుంటే సుమారు 1,800 క్యూసెక్కులు.

ఇప్పుడు ఆ మత్తడికి చేపలు పోకుండా జాలీ కట్టారనుకోండి, లేదా ఇంకో రెండు తడులకు నీళ్లు ఆగుతాయని మట్టి బస్తాలు పేర్చారనుకోండి. లెక్కలో ఉన్న మత్తడి అక్కడ లేనట్టే. నీళ్లు కట్ట మీదికి లేస్తాయి. మట్టికట్ట మీంచి నీళ్లు పొర్లడం మొదలైతే అది కోసుకుపోవడానికి ఎక్కువసేపు పట్టదు. పై చెరువు తెగిన నీళ్లు కింది చెరువును కూడా తెంపుతాయి. ఆ అల ఊరికి చేరేసరికి దానికీ అసలు వానకూ పొంతన ఉండదు.

2023 జూలైలో వరంగల్ భద్రకాళి చెరువు కట్టకే గండి పడింది. పెద్ద ప్రాజెక్టులకూ ఇది తప్పలేదు. కడెం కట్ట మీంచి 1958లో నీళ్లు పొర్లి గండి పడింది. 2022 జూలైలో గేట్ల సామర్థ్యానికి మించి వరద వచ్చింది, 18 గేట్లలో ఒకటి తెరుచుకోలేదు, కట్ట ఎలాగో నిలబడింది. దిగువ ఊళ్లవాళ్లకు ఆ రాత్రి టెన్షన్ ఎలాంటిదో వాళ్లే చెప్పాలి.

కాబట్టి ఈ ప్రాంతంలో మ్యాపు చేసేవాళ్లు కనీసం రెండు చిత్రాలు ఇవ్వాలి. చెరువులన్నీ నిండి, కట్టలు నిలబడితే ఒకటి. పై చెరువు తెగితే ఇంకొకటి. గండి ఎంత వెడల్పు, ఎంతసేపట్లో పడుతుందన్నది ఊహ పెట్టుకునే అంకె. ఆ ఊహ ఏమిటో మ్యాపు మీదే రాయాలి. రెండో చిత్రం జనాన్ని భయపెడుతుందని దాచేవాళ్లు ఉన్నారు. దాచినంత మాత్రాన కట్ట గట్టిపడదు.

వాన మా దగ్గర పడలేదు, వాగు మాత్రం ఎదురెక్కింది. ఎలా?

గోదావరి నిండుగా ఉంటే అందులో కలిసే వాగు నీళ్లకు పోయే దారి ఉండదు. నది మట్టం వాగు మట్టం కన్నా పైన ఉంటే నది నీళ్లే వాగులోకి వెనక్కి వస్తాయి. మానేరు కలిసేచోటు, ఏటూరునాగారం వైపు వాగుల చివరి కిలోమీటర్లు, బ్యారేజీల ఎగువ భూములు, అన్నిటికీ ఇదే సూత్రం. మోడల్‌లో దిగువ చివర నది మట్టం ఎంత పెట్టారన్నది అందుకే అడగాలి. నది మామూలుగా ఉన్న రోజు మట్టం పెట్టి వాగుకు 100 ఏళ్ల వరద నడిపిస్తే ఆ చివరి ఊళ్లకు మ్యాపు ఎక్కడలేని ధైర్యం చెబుతుంది.

గోదావరి ఎంత లేస్తుందో గుర్తుండటానికి: భద్రాచలం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకు. 1986 ఆగస్టులో 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు చేరింది.

1డి మోడల్ మంచిదా, 2డి మంచిదా?

నీళ్లు వాగు వెంబడి ఒకే దిక్కున పోతాయని లెక్కేసేది 1డి, నేల మీద అన్ని దిక్కులకూ పరుచుకుంటాయని లెక్కేసేది 2డి. నీళ్లు వాగు వెంబడే పోయే లోయలాంటి చోట 1డి చాలు, త్వరగా అయిపోతుంది. నీళ్లు ఒడ్డు దాటి నాలుగు దిక్కులకు పోయే చదును నేలలో, ఊళ్లో, పట్నంలో 2డి కావాలి. నేల ఎత్తుల కొలతలు బాగాలేకుండా 2డి నడిపించడం వల్ల ఒరిగేదేమీ లేదు, కదిలే బొమ్మ మాత్రం బాగుంటుంది.

శాటిలైట్ బొమ్మల్లో ముంపు కనిపిస్తుంది కదా, ఇన్ని లెక్కలెందుకు?

సెంటినెల్-1 లాంటి రాడార్ ఉపగ్రహాలు మబ్బుల్లోంచి కూడా చూస్తాయి. హైదరాబాద్‌లోని ఎన్‌ఆర్‌ఎస్‌సీ (జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం) వాటితో ముంపు మ్యాపులు ఇస్తుంది. గోదావరి లాంటి నదికి అవి చాలా విలువైనవి, అక్కడ వరద రోజుల తరబడి ఉంటుంది. మన వాగుల వరద తెల్లవారుజామున వచ్చి మధ్యాహ్నానికి తీసేస్తుంది. ఉపగ్రహం ఆ పైనుంచి పోయేసరికి మిగిలేది బురదే.

ఇంకో తిరకాసు ఉంది. జూలై, ఆగస్టుల్లో దమ్ము చేసి నాటు వేసిన మడి రాడార్‌కు వరద నీళ్లలాగే కనిపిస్తుంది. వరద లేని రోజు బొమ్మతో పోల్చకుండా గీస్తే ఆయకట్టు మొత్తం మునిగినట్టు వస్తుంది.

మోడల్ నిజం చెబుతోందని నమ్మేదెలా?

జరిగిపోయిన వరదను మోడల్‌లో మళ్లీ నడిపించి, అప్పటి గుర్తులతో సరిచూడాలి. 2023 జూలై 27 తెల్లవారుజామున మోరంచవాగు భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని ముంచినప్పుడు జనం ఇళ్ల పైకప్పులు ఎక్కారు. అలాంటి ఊళ్లో ఏ ఇంట్లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో ప్రతి ఒక్కరికీ తెలుసు. గోడ మీద బురద గీత, కరెంటు స్తంభానికి చిక్కిన చెత్త, గుడి మెట్లలో మునిగిన ఆఖరి మెట్టు, ఇవన్నీ కొలతలే. ఆ గుర్తు ఎత్తును సర్వేతో కొలిచి మోడల్ చెప్పే ఎత్తుతో పోల్చాలి. అరమీటరులోపు తేడా వస్తే సంతోషించొచ్చు.

ఊరి పెద్దమనుషుల మాట వినాలి, కానీ రెండు మూడు ఇళ్లలో అడగాలి. మాటల్లో వరద ఏటేటా కొంచెం పెరుగుతుంది. నీళ్లు ఎంత ఎత్తున వచ్చాయన్నదాంతో పాటు ఎన్ని గంటలకు వచ్చాయో, ఎటువైపు నుంచి వచ్చాయో కూడా రాసుకోవాలి. టైము కలిస్తేనే మోడల్‌పై నాకు నమ్మకం కుదురుతుంది. ఎత్తును ఎన్ అంకె అటూఇటూ జరిపి కలిపేయొచ్చు, ఎత్తూ టైమూ రెండూ ఒకేసారి కలవాలంటే లెక్క సరిగ్గా ఉండాలి.

మ్యాపులో మా ఇంటి దగ్గర లోతు రెండడుగులే. పర్వాలేదు కదా?

వేగం ఎంతో చూశారా? నిలిచిన నీళ్లలో రెండడుగులంటే సామాన్లు పోతాయి. వేగంగా పారే నీళ్లలో రెండడుగులంటే కారే కొట్టుకుపోతుంది. మంచి మ్యాపులో లోతును, వేగాన్ని గుణించి ప్రమాదం రంగు వేస్తారు. లో లెవల్ బ్రిడ్జిల మీద ప్రాణాలు పోయేది లోతు చూసి, వేగం చూడకపోవడం వల్లే.

ప్లాటు కొనేటప్పుడు బఫర్ జోన్ దాటి ఉంటే ముంపు లేనట్టేనా?

కాదు, రెండింటికీ సంబంధం తక్కువ. భవన నిర్మాణ నిబంధనల 2012 జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు 30 మీటర్లు, చిన్న చెరువులు, కుంటలకు 9 మీటర్లు, 10 మీటర్లకన్నా వెడల్పైన వాగు, నాలాలకు 9 మీటర్లు వదలాలి. ఇవి అందరికీ ఒకే కొలతగా పెట్టిన దూరాలు. నేల చదునుగా ఉందో వాలుగా ఉందో వాటికి తెలియదు. చదును నేలలో వరద ఆ 9 మీటర్లు దాటి అరకిలోమీటరు పోవచ్చు. ఎఫ్‌టీఎల్ కూడా చెరువు నిండినప్పటి మట్టమే, మత్తడి మీటరు ఎత్తున దుంకుతున్నప్పటి మట్టం కాదు.

వరద మైదానాలను మండలాలుగా విడదీసి ఎక్కడ ఏం కట్టొచ్చో చెప్పే నమూనా బిల్లును కేంద్రం 1975లోనే రాష్ట్రాలకు పంపింది. చట్టం చేసినవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని.

మా ఏరియా మ్యాపులో పడితే రేటు పడిపోతుంది. తీయించొచ్చా?

నేల ఎత్తు కొలత తప్పని సర్వేతో చూపిస్తే సరిచేయాలి. రేటు కోసమైతే కుదరదు. ఆ ప్లాటు కొనబోయేవాడికి కూడా పిల్లలుంటారు.

వరంగల్ సిటీలో వాగు లేని కాలనీలు కూడా ఎందుకు మునుగుతున్నాయి?

2020 ఆగస్టులోనూ, 2023లోనూ నయీంనగర్ నాలా, బొందివాగు చుట్టుపక్కల కాలనీలు మునిగాయి. ఇవి ఒకప్పుడు చెరువు నుంచి చెరువుకు నీళ్లు మోసిన దారులే. ఇరుకైనా, పక్కన ప్లాట్లు ఎత్తుగా నింపినా నీళ్లు వీధినే వాగు చేసుకుంటాయి. సిటీ మోడల్‌లో కాంపౌండ్ గోడలు, స్లాబు కింద దాగిన నాలా కొలతలు, కొత్తగా పోసిన రోడ్ల ఎత్తు కావాలి. రోడ్డు మీద రోడ్డు వేసి ఇల్లు గుంతలో పడ్డ వీధులు ఎన్ని లేవు!

కరకట్ట కడితే మ్యాపులోంచి తీసేస్తారా?

పూర్తిగా తీయకూడదు. కట్ట దేనికి కట్టారో అంతవరకే కాపాడుతుంది. పైగా నది నిండుగా ఉన్నప్పుడు కట్టకున్న స్లూయిస్‌లు మూసేయాలి. అప్పుడు లోపల పడ్డ వాన బయటకు పోవాలంటే మోటార్లతో తోడాల్సిందే. భద్రాచలంలో ఇది ఎప్పుడూ ఉండే గోల.

నేర్చుకోవాలంటే ఏ సాఫ్ట్‌వేర్?

హెక్-రాస్. అమెరికా సైన్యపు ఇంజినీర్ల విభాగం 1995లో తెచ్చింది, ఉచితం. 2016లో వచ్చిన 5.0 నుంచి 2డి కూడా ఉంది. మ్యాపు పనికి క్యూజీఐఎస్, అదీ ఉచితమే. బటన్లు వారంలో వస్తాయి. ఎండాకాలంలో ఒకసారి, వరద తగ్గిన మర్నాడు ఒకసారి వాగు వెంబడి నడవకుండా ఎన్ అంకె పెట్టడం మాత్రం రాదు.

ఒకసారి చేసిన మ్యాపు ఎన్నేళ్లు పనికొస్తుంది?

ఏళ్లతో చెప్పలేం. వాగు మీద కొత్త చెక్‌డ్యాం వచ్చినా, వంతెన ఎత్తు పెంచినా, ఇసుక తవ్వి అడుగు దిగిపోయినా, ఎగువన వెంచర్ పడి పొలం సిమెంటైనా మళ్లీ లెక్క వేయాలి. పెద్ద వరద వచ్చి వెళ్లాక తప్పకుండా వేయాలి, ఎందుకంటే చాలాసార్లు వాగే దారి మార్చుకుని ఉంటుంది. మీ పంచాయతీలో మ్యాపు ఉంటే దాని మూల చూడండి: సర్వే ఏ ఏడాది చేశారు, ఎంత వరదకు, చెరువులు తెగితే అన్నది ఉందా లేదా. ఆ మూడూ రాసి లేకపోతే గ్రామసభలో అడగండి.